రెండో డోసు

నాలుగు రోజులు జ్వరంలో పడి దొర్లి దొర్లి పాప జుట్టు గూడు కట్టేసింది. ఆ ఉదయం కాస్త తెరిపిన పడ్డట్టుందని, మంచం మీదే కూచోబెట్టి చిక్కు తీసి జడ వేద్దామనుకుంది తల్లి. కుడి చెవి పక్క పాయ పైకెత్తింది. దువ్వెన అక్కడే ఆగిపోయింది. చెవి వెనక, జుట్టు మొదలయ్యే చోట, ఒకదానికొకటి అంటుకుపోతూ ఎర్రటి మచ్చలు. ఎడమ చెవి వెనక చూసింది. అక్కడా అంతే.

"అబ్బా, లాగకమ్మా" అంది పాప.

"లాగట్లేదే. ఏదీ, నోరు తెరు" అని ఫోన్ లైటు వేసి చూసింది. బుగ్గ లోపలివైపు ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు, సగం చెరిగిపోయి. కళ్లు ఎర్రబడ్డం, ముక్కు కారడం, దగ్గు మొన్నటి నుంచీ ఉన్నవే. ఇవన్నీ కలిస్తే ఏమంటారో ఆవిడ పుస్తకం తెరిచి చూసుకోనక్కర్లేదు. తట్టు. ఆఫీసు కాగితాల్లో మీజిల్స్ అని రాస్తారు. నిజానికి మొన్ననే అనుమానం పొడిచింది. "రెండు డోసులూ పడ్డ పిల్ల, దీనికి తట్టేమిటి నా మొహం" అని తనని తానే కసురుకుని, ఆ అనుమానాన్ని అవతలికి తోసేసింది.

తోసెయ్యడం ఆవిడకి అలవాటు లేని పని. అనుమానించడమే ఆవిడ ఉద్యోగం. ఊళ్లోని క్లినిక్కులన్నిటికీ టీకాలు వెళ్లే స్టోరులో పన్నెండేళ్లుగా చేస్తోంది. ఏడు ఫ్రిజ్‌లు. రోజుకి రెండుసార్లు, ఆదివారాల్తో సహా, ఒక్కో ఫ్రిజ్ తెరిచి లోపలి చలి రెండు డిగ్రీలకీ ఎనిమిదికీ మధ్య ఉందో లేదో చూసి రాయాలి. ఫ్రిజ్ తలుపు మీద అంకె వెలుగుతూనే ఉంటుంది, కానీ ఆవిడ దాన్ని నమ్మదు. "అది ఫ్రిజ్ తన గురించి తాను చెప్పుకునే మాట. ఎవరైనా తన గురించి మంచే చెప్పుకుంటారు" అని లోపల తన థర్మామీటరు వేరే పెట్టుకుంటుంది. వ్యాన్ డ్రైవరు ఆవిడకి ఐసమ్మ అని పేరు పెట్టాడు, అది స్టోరంతా పాకింది. మనమూ అలాగే పిలుద్దాం. ఇంట్లో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచే నాథుడు ఎలాగూ లేడు. "ఏమే", "అమ్మాయీ", "అమ్మా" - ఈ మూడింటితో రోజు వెళ్లిపోతుంది.

అత్తగారు గుమ్మంలోంచే తొంగి చూసి, మచ్చల మాట వినగానే రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసింది. "చెప్పానా! ఏడేళ్లుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నానా! ఆ రోగాల కొంపలో ఉద్యోగం వద్దే తల్లీ, పసిపిల్ల ఉన్న ఇల్లు అని. తెచ్చావుగా ఇంటికి! చీర కొంగుకి కట్టుకుని మరీ తెచ్చావు!"

రోగాల కొంప! ఐసమ్మకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆ స్టోరులో రోగి అన్నవాడి నీడ కూడా పడదు. ఉన్నది ఫ్రిజ్‌లూ, అట్టపెట్టెలూ, ఒక వ్యానూ. అయినా ఏడేళ్లుగా ఆవిడ సాయంత్రం ఇంటికి రాగానే సందులోంచి చుట్టూ తిరిగి వెనక బాత్రూములోకి వెళ్లాలి, తలమీంచి స్నానం చెయ్యాలి, విప్పిన బట్టలు వేరే బకెట్లో తనే ఉతుక్కోవాలి. అప్పుడు గానీ వంటింట్లోకి ప్రవేశం లేదు. చలికాలంలో వణుకుతూ వచ్చి తడితలతోనే పొయ్యి వెలిగించేది. ఆయన మాత్రం జనం ఒకరి మీద ఒకరు తుమ్ముకునే బస్సు దిగి, చెప్పులు విడిచి, ఆ చేతుల్తోనే పాపని ఎత్తుకునేవాడు. "మగాడు, ఎండన పడి వచ్చాడు" అనేది అత్తగారు. మగాడి మీద వైరస్ వాలదని ఏ పరిశోధనలో తేలిందో ఆవిడకే తెలియాలి.

కొత్తగా చేరిన అమ్మాయిలకి ఐసమ్మే పాఠం చెబుతుంది. "వైరస్‌కి సొంత ఇల్లు లేదు, పొయ్యి లేదు, చేతులు లేవు. ఒంట్లో ఒక కణం దొరికితే లోపలికి దూరి, ఆ కణం వంటింట్లోనే, ఆ కణం సరుకులతోనే, తనలాంటి వాటిని వేలల్లో వండించుకుంటుంది. వండి వండి ఆ కణం చచ్చిపోతుంది. ఇవి బయటికొచ్చి పక్కింటి తలుపు కొడతాయి." ఒకసారి ఒకమ్మాయి, "మా ఇంట్లో తిష్ట వేసిన మా బావగారి గురించి చెబుతున్నారా మేడం?" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. ఐసమ్మ కూడా నవ్వింది గానీ, ఆ రోజు సాయంత్రం వెనక బాత్రూములో నీళ్లు పోసుకుంటుంటే ఆ మాట గుర్తొచ్చి చెంబు చేతిలోనే ఉండిపోయింది.

ఇప్పుడు అవన్నీ తలుచుకునే తీరిక లేదు. వేళ్ల మీద లెక్క వేసుకుంది. తట్టుకి లెక్క ఉంది. లోపలికి దూరాక జ్వరానికి పది రోజులు, మచ్చలకి పద్నాలుగు, అటూ ఇటూగా. పద్నాలుగు రోజుల కిందట తను ఇంట్లోనే లేదు, శిక్షణ కోసం మూడు రోజులు వేరే ఊరు వెళ్లింది. మరి పాప ఎక్కడుంది? బడిలో. "నీ పక్కన కూచునే పిల్లకి అప్పుడు దగ్గుందా?" అనడిగింది. "ఆ, కళ్లు ఎర్రగా ఉండేవి. తర్వాత రావడం మానేసింది. మళ్లీ రాలేదు" అంది పాప. అంతే. తట్టు గాల్లో వస్తుంది. దగ్గిన మనిషి గది విడిచి వెళ్లాక కూడా రెండు గంటలు అక్కడే కాచుకుని ఉంటుంది. దానికి చీర కొంగుతో పనేముంది?

ఆ సంగతే అత్తగారికి చెప్పింది. "బావుందమ్మా, నెపం పక్కపిల్ల మీదకి తోశావూ!" అందావిడ.

భర్త వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయన ఫ్యాన్ల కంపెనీలో నాణ్యత చూసే ఇన్స్పెక్టరు. వంద ఫ్యాన్లలో ఐదు తిప్పి చూసి తొంభై ఐదింటికి సంతకం పెడతానని నలుగురిలో నవ్వుతూ చెప్పుకునే మనిషి. "ఇంక మాటలెందుకు. రాజీనామా కాగితం నేనే టైపు చేయిస్తాను. సంతకం పెట్టు చాలు. పిల్ల కన్నా ఎక్కువా ఆ ఉద్యోగం?" అన్నాడు.

పిల్ల కన్నా ఎక్కువా? ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ ఏనాడూ అడగలేదు. ఐసమ్మ పని మొదలెట్టింది. అంటువ్యాధుల విభాగం డాక్టరమ్మకి తనే ఫోన్ చేసి కేసు చెప్పింది. గది కిటికీలు తీసింది. పాప గ్లాసూ తువ్వాలూ వేరు చేసింది. మచ్చలు వచ్చిన రోజు నుంచి నాలుగు రోజులు పిల్ల గడప దాటకూడదు. విటమిన్ ఏ రెండు రోజులు వెయ్యాలి. ఊపిరి ఎలా తీస్తోందో చూస్తూ ఉండాలి, తట్టు మీద ఊపిరితిత్తుల జబ్బు ఎక్కితే ప్రమాదం. ఇంకో భయం కూడా ఉంది, అది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒళ్లు అంతకుముందు నేర్చుకున్న రోగాల గుర్తుల్ని తట్టు చెరిపేస్తుంది. మచ్చలు పోయాక కూడా నెలల తరబడి ప్రతి చిన్న జబ్బూ కొత్తదే అవుతుంది.

డాక్టరమ్మ టీకా కార్డు ఫోటో అడిగింది. ఐసమ్మ చేతిలో తడిగుడ్డ ఉంది. "ఏవండీ, కార్డు ఫోటో తీసి ఆవిడకి పంపుతారా?" అంది.

"ఎందుకు? నోటితో చెబితే చాలదా, రెండూ వేశామని?"

"ఫోటో కావాలట."

ఆయన లోపలికెళ్లి చాలాసేపు వెతికాడు. "కనబడట్లేదే" అన్నాడు. "బీరువా రెండో అర, ఎర్ర ఫైల్లో" అంది. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో తెలిసిన మనిషి ఆవిడొక్కతే. మళ్లీ చాలాసేపటికి, "పంపాన్లే" అని వినిపించింది. ఏమిటీ ఆలస్యం అని ఒక్క క్షణం అనిపించింది. అంతలో పాప దగ్గింది, ఆ ఆలోచన అక్కడితో సరి.

మూడో రోజు పదింటికి డాక్టరమ్మ ఫోన్. గొంతు మర్యాదగానే ఉంది, ఆ మర్యాదే ఐసమ్మకి నచ్చలేదు.

"కార్డు చూశాను. రెండో డోసు దగ్గర రాసిన బ్యాచ్ నంబరు మీరు చూశారా?"

"లేదండీ. ఏమైంది?"

"ఆ తేదీకి ఏడాది ముందే ఆ బ్యాచ్ గడువు అయిపోయింది. ఆ క్లినిక్కుకి టీకాలు వెళ్లేది మీ స్టోరు నుంచే. బడిలో ముగ్గురికి తట్టు వచ్చింది. మిగతా ఇద్దరికీ టీకాలే లేవు. రెండు డోసులు పడి కూడా వచ్చింది మీ అమ్మాయికే. రేపు తొమ్మిదింటికి మీ ఇంటికి వస్తాను. అసలు కార్డు చూడాలి. గడువు దాటిన మందు మీ స్టోరు దాటి వెళ్లిందనే తేలితే, ఆ నెలలో టీకా వేసుకున్న పిల్లలందరినీ వెనక్కి పిలవాలి. మీ మీద విచారణ వేయక తప్పదు. ముందుగా చెబుతున్నాను, తోటి మనిషిని గనక."

గడువు దాటిన సీసా! తన చేతి మీదుగా! పన్నెండేళ్లు. ఒళ్లు కాలిపోతున్నా, ఇంట్లో చుట్టాలున్నా, ఆదివారం పూట "దేశాన్ని ఉద్ధరించడానికి బయల్దేరింది" అని అత్తగారు వెనకనించి సాగదీస్తున్నా, వెళ్లి థర్మామీటరు చూసి రాసి వచ్చింది. ఆ అంకెల్లో ఒక్కటి తప్పిపోయినా తను పోయినట్టే. పాపకి జ్వరం తగ్గుముఖం పట్టింది. "రెండు గంటలు చూడండత్తయ్యా" అని చెప్పి స్టోరుకి పరిగెత్తింది. అత్తగారు మూతి తిప్పింది. "పిల్ల ఇలా పడుంటే ఊరేగింపా?"

అప్పటి రిజిస్టర్లు దింపింది. ముందు తన మీదే అనుమానం. ఏదైనా పెట్టె వెనక మిగిలిపోయిందా? లెక్క తప్పిందా? గడువు తీరిన ఆ బ్యాచ్ పేజీ తీసింది. ఆఖరి పన్నెండు సీసాలూ మరిగించి, గుంటలో పూడ్చినట్టు తన సంతకం, పక్కన సాక్షి సంతకం. తర్వాత డ్రైవరు మీద అనుమానం వచ్చింది, సిగ్గుపడుతూనే అడిగింది. అతని నోట్లో నువ్వుగింజ నానదు, అబద్ధం కూడా నానదు.

"గడువు దాటిన సీసా మీరు పంపడమా! సూర్యుడు పడమట పొడవాలి ఐసమ్మగారూ. ఆ గుంట తవ్వింది నేనేగా, నడుం పట్టేసి మూడు రోజులు లేవలేదు. మా ఆవిడ ఇప్పటికీ ఆ నడుం గురించే దెప్పుతుంది" అన్నాడు.

ఆ తర్వాత క్లినిక్ నర్సు మీద అనుమానం. పాపకి రెండో డోసు వేసిన తేదీ ఆవిడకి నోటికి వచ్చు. తేదీ పెట్టి ఫోన్ చేసింది. నర్సు పుస్తకం తిరగేసి, "ఆ వారం తట్టు టీకా సీసా విప్పనే లేదు మేడం" అంది. "ఒక సీసా విప్పితే పదిమందికి వెయ్యాలి, ఆరు గంటల్లో అయిపోవాలి కదా. ఆ వారం వానలు, ఇద్దరో ముగ్గురో వచ్చారు. మళ్లీ వారం రమ్మని చెప్పి పంపేశాం. సీసాలు వెనక్కి మీకే పంపాం, చూసుకోండి."

చూసుకుంది. వెనక్కి వచ్చిన సరుకు పుస్తకంలో తన చేతిరాతే. తట్టు టీకా, విప్పని సీసాలు నాలుగు.

టీకాలు మోసే కోల్డ్ బాక్స్ మీద కూచుంది. సీసా విప్పకుండా సూది ఎలా పడుతుంది? ఫ్రిజ్‌ని అనుమానించింది, థర్మామీటరుని అనుమానించింది, తన చేతుల్ని అనుమానించింది, నడుం పడగొట్టుకున్న డ్రైవర్ని అనుమానించింది. ఒక్క ఇంటి వైపు మాత్రం అనుమానం నడవలేదు. ఎలా నడుస్తుంది? ఆ రోజు ఊరంతటికీ పోలియో చుక్కల కార్యక్రమం, నలభై పెట్టెలు పంపాలి. "ఊళ్లో పిల్లలందరికీ పంపుతుంది, కన్నపిల్లకి మాత్రం తీరిక లేదు" అని అత్తగారు అంటుంటే, ఆయన లేచి "నేను తీసుకెళ్తాలే" అన్నాడు. పిల్ల పుట్టిన ఏడేళ్లలో ఆయన తీసుకెళ్లింది ఆ ఒక్కసారి. సాయంత్రం కార్డు గాల్లో ఊపి, "అయిపోయింది, ఇక నిశ్చింత" అన్నాడు. ఆవిడకి కళ్లు చెమ్మగిల్లాయి. థర్మామీటర్ని రెండుసార్లు చూస్తే గానీ నమ్మని మనిషి ఆ కార్డుని ఒక్కసారి కూడా చూడకుండా ఫైల్లో పెట్టేసింది. అంత కృతజ్ఞత! మొగుడు ఒక్క పని చేస్తే కళ్లు మూసుకుపోయేంత కృతజ్ఞత. ఆ తర్వాత మూడేళ్లుగా చుట్టాలొచ్చినప్పుడల్లా అత్తగారు చెప్పే కథ ఒకటుంది. "మావాడు తీసుకెళ్తే పిల్ల సూదికి కిక్కురుమనలేదు! తల్లి తీసుకెళ్తే ఊరు లేచిపోతుంది. తండ్రి పక్కనుంటే ఆ ధైర్యమే వేరు!" ఐసమ్మ కూడా ఆ కథకి నవ్వేది, కాస్త నొచ్చుకుంటూనే. ఏడవలేదట! ఏడవడానికి సూదంటూ ఉంటే కదా!

ఇంటికొచ్చి ఎర్ర ఫైలు తీసింది. మొదటి డోసు గీతలో నర్సు చేతిరాత, బ్యాచ్ నంబరు. రెండో గీతలో తేదీ మారింది. నంబరు మాత్రం పై గీతలో ఉన్నదే, అంకె పోకుండా దించేశారు. మూడేళ్ల తర్వాత కూడా అదే సీసా ఉంటుందని అనుకోవడానికి టీకా గురించి ఏమీ తెలియకుండానైనా ఉండాలి, లేదా పన్నెండేళ్లుగా పెళ్లాం చెప్పే మాట ఒక్కటీ చెవిన పెట్టకుండానైనా ఉండాలి. చివర్లో సంతకం. ఫ్యాన్ల పెట్టెల మీద ఆయన గీకే గీతే అది.

ఆయన వచ్చేదాకా ఆగింది. కార్డు బల్ల మీద పెట్టింది. "ఈ సీసాలు ఏడాది ముందే గుంటలో పూడ్చాను. ఆ వారం క్లినిక్కులో సీసా విప్పలేదు. ఎవరు రాశారిది?" అంది.

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ముందు నర్సుని తిట్టాడు, తర్వాత క్లినిక్కుని, తర్వాత వర్షాన్ని. ఆవిడ కదలకుండా చూస్తూనే ఉంది. చివరికి కుర్చీలో కూలబడి, "వెళ్లాను. మళ్లీ వారం రమ్మన్నారు. మళ్లీ సెలవెవడిస్తాడు? వేయించలేదంటే నువ్వు పీక్కుతింటావు. రాసేశాను" అన్నాడు.

"రాసేశారా?"

"వందలో తొంభై ముగ్గురికి మొదటి డోసే చాలని నువ్వే అన్నావుగా ఒకసారి!"

తన మాట! తన పాఠంలో మాట ఎత్తుకెళ్లి తన మీదకే విసిరాడు. విననట్టు పేపరు చదువుకుంటూ, తనకి పనికొచ్చేది మాత్రం వినిపెట్టుకున్నాడన్నమాట. "ఆ మిగతా ఏడుగురి కోసమే రెండోది. మూడేళ్లున్నాయి మీకు. ఒక్కసారి నోరు తెరిచి చెబితే మర్నాడే వేయించేదాన్ని" అంది.

అత్తగారు మధ్యలోకి వచ్చింది. అన్నీ విన్నట్టుంది. "సర్లే, మగాడు, మరిచిపోయాడు. దానికి రచ్చకెక్కుతావా? ఆ డాక్టరమ్మతో మీ ఫ్రిజ్‌లోనే ఏదో తేడా వచ్చిందని చెప్పేస్తే పోలా! ఎలాగూ మానేసే ఉద్యోగమేగా, ఆ తప్పేదో దాంతోపాటే పోతుంది. వాడి పరువు పోతే మళ్లీ వస్తుందా?"

"ఊళ్లో వందలమంది పిల్లల్ని పిలిచి మళ్లీ సూదులు పొడుస్తారత్తయ్యా. తల్లులంతా పనులు మానుకుని క్యూల్లో నిలబడాలి."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"

ఆయన చెయ్యి పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. "నా పనే సంతకాల పని. దొంగ సంతకమని ఒక్కచోట తేలితే నన్నెవరు నమ్ముతారు? నువ్వేమీ అబద్ధం చెప్పక్కర్లేదు. ఊరికే ఉండు. అంతే." ఊరికే ఉండు! పెళ్లయినప్పటి నుంచీ ఆవిడ చేస్తున్నదే అది. చివరికి, పిల్ల ఉన్న ఇల్లు, రేపెలాగూ వస్తారు చూద్దాం అనుకుని, "సరే, నేనేం మాట్లాడను" అంది. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ అంది.

మర్నాడు తొమ్మిదింటికి డాక్టరమ్మ వచ్చింది. మొహానికి మాస్కు, చేతిలో ఫారం. పాప దిండుకి ఆనుకుని కూచుంది. జ్వరం లేదు, మచ్చలు గోధుమరంగుకి తిరుగుతున్నాయి. అత్తగారు కుర్చీ వేసింది, మంచినీళ్లు తెచ్చింది, లేని నవ్వు తెచ్చింది, రెండో సూదికి మావాడే తీసుకెళ్లాడని పాత కథ కూడా వినిపించింది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ఐసమ్మ మంచం కాళ్ల వైపు, అన్న మాట ప్రకారం నోరు కట్టేసుకుని.

డాక్టరమ్మ కార్డు తిప్పి తిప్పి చూసింది. ఫారంలో గడులు ఒక్కొక్కటే నింపుకుంటూ వచ్చి, ఉన్నట్టుండి పాప వైపు తిరిగింది. "మూడేళ్ల కిందట నాన్న నిన్ను సూదికి తీసుకెళ్లాడటగా. గుర్తుందా బంగారం? ఏ చేతికి వేశారు?"

పాప డాక్టరమ్మ భుజం మీదుగా గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో ఆయన ఎడమ మోచెయ్యి పైన మెల్లిగా గోక్కున్నాడు.

"ఎడమ చేతికి" అంది పాప.

"నొప్పిందా?"

మళ్లీ గుమ్మం వైపు చూసింది. ఆయన కొద్దిగా తల ఊపాడు.

"కొంచెం నొప్పింది. తర్వాత తగ్గిపోయింది."

ఐసమ్మ ఉలిక్కిపడింది. అబద్ధానికి కాదు. పిల్లలు అబద్ధాలాడతారు, పెద్దవాళ్లూ ఆడతారు. ఆ చూపు. ఏడేళ్ల పిల్ల, తన ఒంటికి నొప్పిందో లేదో చెప్పడానికి ముందు ఒక మగాడి మొహం చూసుకుంది. ఎంత అలవాటుగా చూసుకుంది! ఎక్కడ నేర్చుకుందది? బడిలో పక్కపిల్ల దగ్గర కాదు. ఈ ఇంట్లోనే, రోజూ తన మొహం చూస్తూ నేర్చుకుంది. మాట అనే ముందు ఆయన మొహం చూసే తల్లి, నవ్వే ముందు అత్తగారి మొహం చూసే తల్లి, నిన్న సాయంత్రం "సరే, నేనేం మాట్లాడను" అన్న తల్లి. ఆ మాట అన్నప్పుడు కూడా ఈ పిల్ల పక్కగదిలో మెలకువగానే ఉంది. పిల్లకి తను ఏమీ అంటించలేదని నాలుగు రోజులుగా లెక్కలు కట్టి మరీ నిరూపించుకుంది. ఇదిగో, అంటించింది.

"డాక్టరుగారూ, ఆ గడి నింపకండి" అంది.

"ఏమే" అన్నాడాయన గుమ్మంలోంచి. ఆవిడ అటు తిరగలేదు. వెళ్లి పాపకీ గుమ్మానికీ మధ్య, మంచం మీద కూచుంది. పాప ఎడమ చేతిని తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"నాన్న వైపు చూడకే. నా వైపూ చూడకు. ఇదిగో, దీన్ని చూడు. ఈ చెయ్యి నీది. దీనికేం జరిగిందో నీకే తెలుసు, ఇంకెవరికీ తెలీదు. చెప్పు."

పాప చెయ్యి వైపు చూసింది. చాలాసేపు చూసింది. "చెబితే నువ్వూ నాన్నా పోట్లాడుకుంటారన్నాడు" అంది చిన్నగా.

"పోట్లాడుకుంటాం. అది మా పని. నీ పని నువ్వు చెప్పు."

"సూది వెయ్యలేదు. బెలూన్ కొనిచ్చాడు."

అత్తగారు "పిల్లకి జ్వరంలో..." అని ఏదో మొదలెట్టింది గానీ, డాక్టరమ్మ తల ఎత్తి చూసేసరికి ఆ మాట సగంలోనే మింగేసింది. ఆయన గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. డాక్టరమ్మ ఫారంలో డోసులు ఒకటి అని రాసింది. ఐసమ్మ నిన్నటి రిజిస్టర్ల సంగతి, విప్పని సీసాల సంగతి, గుంట సంగతి వరసగా చెప్పింది. డాక్టరమ్మ అంతా రాసుకుని, "బడిలో పిల్లలందరికీ రేపు టీకాలు వెయ్యాలి. సీసాలు ఈ పూటే బయల్దేరాలి. మీరు రాగలరా?" అంది.

"వస్తాను."

"ఆఖరి గడి ఒకటుంది. రోగిని ఇంట్లో చూసుకునే మనిషి..." అంటూనే డాక్టరమ్మ కలం అలవాటు కొద్దీ 'తల్లి' అని రాసేసింది.

"కొట్టేయండి" అంది ఐసమ్మ, లేచి చెప్పులు వేసుకుంటూ. "తండ్రి అని రాయండి. ఈసారి నిజంగా చేశాడో లేదో సాయంత్రం వచ్చి పిల్లనే అడుగుతాను."